మోటారు షాఫ్టు మీద స్ప్రాకెట్ వదులైతే: కీ, గ్రబ్ స్క్రూ, లోక్‌టైట్, పిన్ను, వెల్డింగుల్లో ఏది ఎంచుకోవాలి?

యాక్సిలరేటర్ తిప్పగానే మోటారు దగ్గర 'టక్'మని చప్పుడొచ్చి, ఆ తర్వాతే బండి కదులుతోందంటే చాలావరకు షాఫ్టు మీద స్ప్రాకెట్ (చైనును తిప్పే పళ్ల చక్రం) వదులైనట్టే. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి అటు పర్లాకిమిడి, బరంపురం దాకా పాత సైకిలుకు మోటారు కిట్టు బిగించి నడుపుకునేవాళ్లు ఈ చప్పుడు విని మెకానిక్ దగ్గరికి వెళితే ఒక్కొక్కరు ఒక్కో మందు చెబుతారు. ఒకరు రెండు చుక్కలు వెల్డింగ్ పెడితే సరిపోతుందంటారు, ఒకరు లోక్‌టైట్ జిగురు పోయమంటారు, ఇంకొకరు గ్రబ్ స్క్రూ (పక్క నుంచి షాఫ్టు మీదికి బిగించే చిన్న స్క్రూ) చాలంటారు. ఏ పద్ధతికైనా దాని చోటు దానికుంది. చోటు తప్పితే మాత్రం అది షాఫ్టును తినేస్తుంది.

స్ప్రాకెట్ ఖరీదు మోటారు ఖరీదులో పదో వంతు కూడా ఉండదు. షాఫ్టు పోయిందంటే మాత్రం మోటారు విప్పాలి, కొన్నిసార్లు మొత్తం మోటారే మార్చాలి. కాబట్టి ఏ పద్ధతి పట్టినా అరిగేది స్ప్రాకెట్ కావాలి, షాఫ్టు కాకూడదు. కింద చెప్పే పోలికంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది. (చక్రం మధ్యలోనే మోటారు ఉండే హబ్ మోటారు బండ్లకు ఇది వర్తించదు, ఫ్రేముకు మోటారు బిగించి చైనుతో చక్రాన్ని తిప్పే కిట్ల సంగతే ఇది.)

వదులు ఎక్కడుందో ముందు తేల్చుకోండి

బ్యాటరీ ప్లగ్గు తీసేయండి. షాఫ్టు చివర నుంచి స్ప్రాకెట్ ముఖం మీదికి పెయింటు పెన్నుతోనో, గోళ్ల రంగుతోనో ఒకే గీత గీయండి. ప్లగ్గు పెట్టి నాలుగైదు సార్లు బండిని కదిలించి ఆపండి. మళ్లీ ప్లగ్గు తీసి చూస్తే గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందా, స్ప్రాకెట్ షాఫ్టు మీద తిరుగుతోందన్నమాట. గీత కలిసే ఉండి చప్పుడు మాత్రం వస్తుంటే, అది గేరు మోటారు లోపలి గేర్ల మధ్య ఉండే సహజమైన ఖాళీ అయినా కావచ్చు, వెనక ఫ్రీవీల్ అయినా కావచ్చు. దానికి స్ప్రాకెట్ జోలికి వెళ్లక్కర్లేదు.

తర్వాత చైను తీసి స్ప్రాకెట్‌ను వేళ్లతో పట్టుకుని మూడు రకాలుగా కదపండి. షాఫ్టు పొడవునా లోపలికీ బయటికీ జరుగుతోందంటే సర్క్లిప్పో (షాఫ్టు గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) నట్టో వదులైంది. ఇది తేలికైన జబ్బు. ముందుకూ వెనక్కూ తిప్పితే రవ్వంత ఆడి టక్కున ఆగుతోందంటే కీ (షాఫ్టుకూ స్ప్రాకెట్‌కూ మధ్య గాడిలో కూర్చునే ఇనుప ముక్క) గానీ, డి-కట్ (షాఫ్టు పక్కన కోసిన) చదును గానీ అరిగింది. పక్కలకు ఊగుతోందంటే బోరే (స్ప్రాకెట్ మధ్య రంధ్రం) కోడిగుడ్డు ఆకారంలోకి అరిగింది. షాఫ్టుతో సహా ఊగితే మాత్రం బేరింగ్ పోయింది. దాన్ని మార్చకుండా స్ప్రాకెట్ ఎంత బిగించినా అది మళ్లీ ఊడుతుంది.

స్ప్రాకెట్ తీశాక షాఫ్టు మీద ఎర్రటి మెత్తని పొడి కనిపిస్తే దాన్ని మామూలు తుప్పని తుడిచి వదిలేయకండి. రెండు ఇనుప ముఖాలు వెంట్రుకవాసి కదలికతో రాసుకున్నప్పుడు రాలే పొడి అది. బారువా, డొంకూరు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది. పొడి ఉందంటే వదులు ఇవాళ్టిది కాదు. వెర్నియర్ పెట్టి షాఫ్టును రెండు చోట్ల కొలవండి: స్ప్రాకెట్ కూర్చునే చోట ఒకసారి, దాని పక్కన అరగని చోట ఒకసారి. రెండింటి తేడా 0.1 మి.మీ. లోపుంటే చాలా దారులు తెరిచే ఉన్నట్టు. 0.25 దాటితే కొన్ని మూసుకుపోతాయి.

షాఫ్టు మీద ఎంత బలం పడుతుంది?

ఈ లెక్క వేయకుండా పద్ధతి ఎంచుకోవడం వల్లే సగం మరమ్మతులు నెల తిరక్కుండా ఊడిపోతాయి. వాట్లను 9.55తో గుణించి నిమిషానికి ఎన్ని చుట్లో దానితో భాగిస్తే న్యూటన్ మీటర్లలో టార్క్ వస్తుంది.

గేరు లేని 250 వాట్ల బ్రష్ మోటారు నిమిషానికి దాదాపు 2650 చుట్లు తిరుగుతుంది. టార్క్ 0.9 న్యూటన్ మీటర్లే. 8 మి.మీ. షాఫ్టు అంచున అది 23 కిలోల బలం. అదే 250 వాట్లు గేరు మోటారైతే బయటి షాఫ్టు 300 చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. టార్క్ 8 న్యూటన్ మీటర్లు. 12 మి.మీ. షాఫ్టు అంచున 135 కిలోలు. ఆగి ఉన్న బండిని తొక్కకుండా ఒక్కసారిగా లాగిస్తే కరెంటు రెండింతలు దాటుతుంది, బలమూ అంతే పెరుగుతుంది. కొబ్బరికాయల బస్తా వేసుకుని కవిటి తోటల దారిలో బయల్దేరే బండికీ, పర్లాకిమిడి దాటి ఆర్.ఉదయగిరి వైపు ఘాటీ ఎక్కే బండికీ ఇది రోజూ ఉండే పనే. వాట్లు ఒకటే అయినా ఒక మోటారుకు సరిపోయిన మందు ఇంకోదానికి చాలకపోవడానికి కారణం ఇదే.

ఇంకొక కొలత కూడా చూడాలి, దీన్ని ఎవరూ పట్టించుకోరు: స్ప్రాకెట్ షాఫ్టును ఎంత పొడవున పట్టుకుంది? మామూలు సైకిల్ చైనుకు వచ్చే 9 పళ్ల స్ప్రాకెట్ చాలా కిట్లలో 3 మి.మీ. మందం రేకే. బాస్, అంటే మధ్యలో గొట్టంలా పొడుచుకొచ్చే భాగం, ఉండదు. 135 కిలోల బలాన్ని ఆ సన్నటి అంచే మోయాలి. బాస్ ఉన్న స్ప్రాకెట్ 10 నుంచి 15 మి.మీ. పొడవున పట్టుకుంటుంది. కొత్త స్ప్రాకెట్ కొనేటప్పుడు బాస్ ఉన్నదే అడగండి, దొరక్కపోతే లేత్ షాపులో చేయించండి. మిగతా పద్ధతులన్నీ దీని తర్వాతే.

కొత్త స్ప్రాకెట్, సరైన కీ

షాఫ్టు బాగుండి, కీ గాడి అంచులు పదునుగా ఉంటే మొదటి ఎంపిక ఇదే. కీ కొలతలు షాఫ్టు వ్యాసాన్ని బట్టి స్థిరంగా ఉంటాయి: 8 మి.మీ. దాటి 10 వరకు 3×3, 10 దాటి 12 వరకు 4×4, 12 దాటి 17 వరకు 5×5. 4×4 కీకి షాఫ్టులో గాడి లోతు 2.5, స్ప్రాకెట్‌లో 1.8 మి.మీ. అంటే కీ పైన 0.3 మి.మీ. ఖాళీ ఉండాలి. కీ పట్టు పక్కల నుంచి రావాలి, పై నుంచి కాదు. పైన తగిలేలా కీ పెట్టి సుత్తితో దిగ్గొడితే స్ప్రాకెట్ ఒక పక్కకు ఎత్తుకుని చైను ఒకసారి బిగుతుగా, ఒకసారి వదులుగా తిరుగుతుంది.

బేరింగ్ షాపుల్లో కీ స్టీల్ కడ్డీ ముక్కలుగా అమ్ముతారు. ఆకురాయితో పక్కలు రాస్తూ, చిన్న సుత్తి దెబ్బకు గాడిలో కూర్చునేంత బిగువు వచ్చేదాకా సరిచూసుకోండి. వేలితో నొక్కితే జారిపోయే కీ వేసీ లాభం లేదు. మేకు కోసి కీగా పెట్టడం ఈ చుట్టుపక్కల చాలాచోట్ల కనిపిస్తుంది. మేకు మెత్తటి ఇనుము, పైగా గుండ్రం. రెండు గీతల మీదే ఆనుతుంది కాబట్టి తాను నలిగిపోతూ గాడి అంచుల్ని కూడా గుండ్రం చేసి పోతుంది. ఇంటికి చేరడానికి ఒకరోజు వాడుకోవచ్చు, అంతకుమించి వద్దు.

షాఫ్టు గాడే వెడల్పైతే మెట్టు కీ చేయించవచ్చు. షాఫ్టు గాడిని మిల్లింగ్ మీద 4 నుంచి 5 మి.మీ.కి సరిచేసి, అడుగున 5, పైన 4 మి.మీ. ఉండేలా కీ కోస్తారు. మిల్లింగ్ యంత్రం లేని చోట ఈ పని ఒప్పజెప్పకండి; చేతి గ్రైండరుతో గాడి పెంచితే గోడలు నిటారుగా రావు. షాఫ్టుకు ఎదుటి పక్కన రెండో గాడి కోయిద్దామనే ఆలోచన కూడా 12 మి.మీ. షాఫ్టుకు మంచిది కాదు. మధ్యలో మిగిలే ఇనుము మరీ తక్కువైపోతుంది.

కీ స్ప్రాకెట్‌ను తిరగనివ్వదు గానీ షాఫ్టు వెంట జరగకుండా ఆపలేదు. దానికి సర్క్లిప్ గానీ, చివర నట్టు గానీ, షాఫ్టు చివర మర ఉంటే పెద్ద వాషరుతో బోల్టు గానీ ఉండాలి. సర్క్లిప్పు 12 మి.మీ. షాఫ్టుకు 1 మి.మీ. మందం, గాడి అడుగున వ్యాసం 11.5. ఒకసారి సాగదీసిన సర్క్లిప్పును మళ్లీ వేయకండి, కొత్తది చాలా చవక. సర్క్లిప్పుకూ స్ప్రాకెట్‌కూ మధ్య ఖాళీ ఉంటే సన్నటి షిమ్ వాషరు వేసి పూడ్చండి. నైలాక్ నట్టు వాడితే ప్రతిసారీ కొత్తదే.

లోక్‌టైట్ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు

షాపులో 'లోక్‌టైట్ ఇవ్వండి' అంటే నీలిరంగు 243 చేతిలో పెడతారు. అది మరలు వదులుకాకుండా వాడేది. నట్లకూ గ్రబ్ స్క్రూలకూ అదే సరి. షాఫ్టు మీద స్ప్రాకెట్ పట్టాలంటే 638 గానీ 648 గానీ కావాలి. ఇవి గుండ్రటి భాగాలను పట్టి ఉంచే రకాలు. 638 పావు మిల్లీమీటరు ఖాళీ దాకా నింపుతుంది. 648 అంత ఖాళీ నింపదు, 0.15 మి.మీ. వరకే. అంతకుమించి అరిగిన చోట 660 ఉంది, అర మిల్లీమీటరు దాకా నింపగలదు. కానీ అంత అరిగిన షాఫ్టును జిగురు మీద నడపమని మేం సలహా ఇవ్వం.

638కి స్టీలు మీద చదరపు మి.మీ.కి 25 న్యూటన్ల పట్టు ఉంటుంది. 12 మి.మీ. షాఫ్టు, 10 మి.మీ. బాస్ అయితే అతికే వైశాల్యం 377 చదరపు మి.మీ., కాగితం మీద 56 న్యూటన్ మీటర్లు మోయాలి. మురికి, నూనె చార, అటూ ఇటూ లాగే కుదుపులు లెక్కేసుకుని నాలుగో వంతే నమ్మితే 14. గేరు మోటారు మామూలు 8ని మోస్తుంది, ఘాటీలో వచ్చే 16 దగ్గర తేలిపోతుంది. ఇక 3 మి.మీ. రేకు స్ప్రాకెట్‌కు ఇదే లెక్క వేస్తే మిగిలేది 4. అంటే రేకు స్ప్రాకెట్‌ను గేరు మోటారు మీద ఒట్టి జిగురుతో నిలపడం కుదరని పని. అదే గేరు లేని మోటారు, 8 మి.మీ. షాఫ్టు, 8 మి.మీ. బాస్ అయితే నాలుగో వంతు నమ్మినా 5 వస్తుంది, అవసరం 0.9. అక్కడ ఒక్క జిగురే నిక్షేపంగా సరిపోతుంది.

గేరు మోటార్లకు జిగురు కీకి తోడుగా వాడాలి, కీ బదులు కాదు. కీ చుట్టూ ఉన్న వెంట్రుకవాసి ఖాళీని అది పూడ్చేస్తుంది. ముందుకూ వెనక్కూ ఆడే కదలిక ఆగిపోతే ఎర్రపొడి రాలదు, గాడి అరగదు. కీ, జిగురు కలిసిన ఈ జోడీయే మైదానం దారుల్లో నడిచే ఎక్కువ బండ్లకు మా మొదటి సలహా.

పూసే పద్ధతిలోనే దాని పట్టంతా ఉంది. పాత జిగురు, పొడి గీకేసి, 320 నంబరు ఎమెరీ కాగితంతో షాఫ్టునూ బోరునూ తేలిగ్గా రుద్దండి. అసిటోన్‌తోనో మంచి థిన్నరుతోనో రెండుసార్లు తుడవండి, రెండోసారి తెల్లగుడ్డకు మరక అంటకూడదు. పెట్రోలుతో తుడిస్తే జిడ్డు పొర మిగులుతుంది. వానాకాలంలో లోహం మీద చెమ్మ పట్టి ఉంటుంది, హెయిర్ డ్రయ్యరుతో గోరువెచ్చగా ఆరబెట్టండి. మోటారును షాఫ్టు కిందికి చూసేలా వంచి పట్టుకోండి, లేకపోతే ద్రవం సీలు దాటి బేరింగులోకి పోయి మోటారే పట్టేస్తుంది. షాఫ్టు బయటి సగం మీద చుట్టూ మూడు నాలుగు చుక్కలు, బోరు లోపల పల్చటి పూత, అంతే. కీ పెట్టి, స్ప్రాకెట్‌ను రవ్వంత అటూ ఇటూ ఆడిస్తూ ఎక్కించి, సర్క్లిప్పు వేసి, పైకి ఉబికింది తుడిచేయండి. నాలుగైదు నిమిషాల్లో కదలకుండా పడుతుంది గానీ పూర్తి బలానికి 24 గంటలు ఆగాల్సిందే. డిసెంబరు, జనవరి చలిలో కొండ ఊళ్లలో ఇంకొక పూట ఎక్కువ ఆగండి. గాలి తగలని చోట, లోహం తాకినప్పుడే ఇది గట్టిపడుతుంది. బయటికి ఉబికినది తడిగానే ఉందని కంగారుపడి మళ్లీ విప్పకండి.

తీయాలంటే సుమారు 250 డిగ్రీల వేడి కావాలి. వేడి స్ప్రాకెట్‌కే తగలాలి. షాఫ్టు మొదట్లో తడిగుడ్డ చుట్టి, హాట్ ఎయిర్ గన్నుతో స్ప్రాకెట్‌ను కాచి, వేడి మీదుండగానే పుల్లరుతో లాగాలి. మంట నేరుగా పెడితే రబ్బరు సీలు కరిగిపోతుంది, నియోడిమియం అయస్కాంతాలున్న మోటార్లలో ఆ అయస్కాంతశక్తే తగ్గిపోతుంది. పళ్ల సంఖ్య మార్చి చూసుకునే అలవాటున్నవాళ్లు 638 జోలికి వెళ్లకుండా, విప్పుకోవడానికి వీలున్న 641 వాడటం మేలు.

ఎం-సీల్, ఫెవిక్విక్, అరాల్డైట్ ఈ పనికి రావు. ఫెవిక్విక్ పెళుసు, మొదటి కుదుపుకే పగులుతుంది. మిగతా రెండూ ఈ సన్నటి ఖాళీలో పల్చగా పరుచుకోవు. స్ప్రాకెట్‌ను మధ్యకు రానివ్వకుండా పక్కకు నెడతాయి.

గ్రబ్ స్క్రూ

బాస్ ఉన్న స్ప్రాకెట్‌కే ఇది కుదురుతుంది. అలెన్ కీతో బిగించే తల లేని స్క్రూ ఇది. ఎం5కు (అంటే 5 మి.మీ. మర) 4.2 మి.మీ. డ్రిల్లు, 2.5 మి.మీ. అలెన్ కీ, ఎం6కు 5 మి.మీ. డ్రిల్లు, 3 మి.మీ. అలెన్ కీ, ఎం4కు 3.3 మి.మీ. డ్రిల్లు, 2 మి.మీ. అలెన్ కీ. మరలు పట్టడానికి బాస్ గోడ ఎం5కు కనీసం 5 మి.మీ. మందం ఉండాలి. అంటే 12 మి.మీ. బోరుకు బాస్ బయటి వ్యాసం 22. సైకిల్ చైను 9 పళ్ల స్ప్రాకెట్‌కు బాస్ 24 దాటితే చైను ప్లేట్లు దానికి తగులుతాయి. 22 నుంచి 24, ఈ ఇరుకులోనే చేయించాలి. గేరు లేని మోటారుకు వచ్చే 25హెచ్ అనే సన్న చైను 11 పళ్ల స్ప్రాకెట్ ఇంకా చిన్నది, బాస్ 15 మి.మీ.కి మించనివ్వదు. 8 మి.మీ. బోరు పోగా గోడ మూడున్నర మిల్లీమీటర్లే మిగులుతుంది. ఎం4 తప్ప పట్టదు.

రెండు స్క్రూలు పెట్టాలి, 90 డిగ్రీల ఎడంలో. ఎదురెదురుగా పెడితే షాఫ్టు రెండు మొనల మధ్య వేలాడి, బోరు గోడకు ఎక్కడా ఆనదు. 90 డిగ్రీల్లో పెడితే రెండూ కలిసి షాఫ్టును ఎదుటి గోడకు నొక్కుతాయి. ఒకటి కీ నెత్తిన, రెండోది షాఫ్టు మీద. రెండో స్క్రూ ఆనే చోట షాఫ్టు మీద 0.5 నుంచి 1 మి.మీ. లోతు గుంట డ్రిల్లుతో పెట్టుకుంటే, మొన అందులో కూర్చుని జరగదు. నున్నటి గుండ్రటి షాఫ్టు మీద ఊరికే బిగిస్తే స్క్రూ జారుతూ గీత కోస్తుంది. ఆ గీత పక్కన లేచిన పొక్కు వల్ల తర్వాత స్ప్రాకెట్ బయటికే రాదు.

243 ఒక చుక్క వేసి, ఎం5ను 4, ఎం6ను 7 న్యూటన్ మీటర్ల దాకా బిగించండి. అరిగిన అలెన్ కీతో ఈ పని చేయకండి, గుంట గుండ్రమైతే స్క్రూను తొలిచి తీయాలి. మరలో చోటుంటే మొదటి స్క్రూ మీద రెండోది వేసి బిగిస్తే కిందిది వదులుకాదు, ఖర్చు దాదాపు సున్నా.

గ్రబ్ స్క్రూ ఒక్కదాని మీదే గేరు మోటారు బరువంతా వేయకూడదు. డి-కట్ షాఫ్టుకు చదును మీద ఆనే స్క్రూగా, కీ ఉన్న షాఫ్టుకు తోడుగా ఇది మంచి పనిమంతురాలు. గేరు లేని చిన్న మోటారుకు డి-కట్ మీద రెండు స్క్రూలు చాలు.

అడ్డ పిన్ను

బరువులు మోసే బండి, ఘాటీ దారి, కీ గాడి పాడైన షాఫ్టు: ఈ మూడింట్లో ఏ రెండు కలిసినా మేం చెప్పేది బాస్‌కూ షాఫ్టుకూ అడ్డంగా తొలిచి దిగ్గొట్టే స్ప్రింగ్ పిన్ను. మెకానిక్కులు రోల్ పిన్ అంటారు. 3 మి.మీ. స్ప్రింగ్ పిన్ను రెండు చోట్లా కలిపి తెగడానికి 6.3 కిలోన్యూటన్లు కావాలి. 12 మి.మీ. షాఫ్టు మీద అది 38 న్యూటన్ మీటర్లు. 16 అవసరమైన చోట రెండింతలకు పైగా బలం.

దీనికి ఇచ్చుకునే మూల్యం షాఫ్టు బలం. రంధ్రం షాఫ్టు వ్యాసంలో నాలుగో వంతు దాటకూడదు, 12 మి.మీ.కి 3 మి.మీ. అన్నది అందుకే. 8 మి.మీ. షాఫ్టు మీద ఈ పని చేయకండి. తొలిచే ముందు షాఫ్టు కొసను ఆకురాయితో గీసి చూడండి. ఆకురాయి కొరక్కుండా జారితే షాఫ్టు పైపొర గట్టిపరిచినది, మామూలు డ్రిల్లు బిట్టు దిగదు. చేతి డ్రిల్లు వద్దు, నిలువు డ్రిల్లు మెషీను మీద వి-బ్లాకులో పెట్టి స్ప్రాకెట్‌తో కలిపే ఒకేసారి తొలవాలి. విడివిడిగా తొలిస్తే రంధ్రాలు కలవవు. ఇనుప రజను మోటారు లోపలికి పోకుండా గుడ్డ చుట్టి టేపు వేయండి, అయస్కాంతం పట్టుకున్న రజనును బయటికి తీయడం చాలా కష్టం. పిన్ను బాస్ అంచు నుంచి కనీసం 5 మి.మీ. లోపల ఉండాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పిన్నుకు గ్రీజు పూసి దిగ్గొట్టండి, లేకుంటే రెండేళ్లకు తీద్దామన్నా రాదు.

వెల్డింగ్ సంగతి

అడిగిన వెంటనే దొరికేది, చేతిలో పని పది నిమిషాల్లో అయ్యేది కాబట్టి ఎక్కువమంది ఇటే వెళతారు. షాఫ్టుకు స్ప్రాకెట్‌ను నేరుగా అతికించడం వద్దని గట్టిగా చెబుతున్నాం. మోటారు షాఫ్టు మీడియం కార్బన్ స్టీలైతే చుక్క పెట్టిన చోట తటాలున చల్లారి పెళుసవుతుంది. వారాల తర్వాత ఎక్కడో గుంతలో పడినప్పుడు ఆ పక్కనే పగులుతుంది. ఎర్త్ క్లిప్పు మోటారు బాడీకి తగిలిస్తే వెల్డింగ్ కరెంటు బేరింగు గుండా పోయి గుండ్ల మీద గుంటలు పెడుతుంది. సీలు మాడుతుంది. కంట్రోలరు తీగ ఊడదీయకపోతే అది కాలిపోయే ప్రమాదం ఉంది. ఇవన్నీ తప్పించుకున్నా, పళ్లు అరిగిన రోజున స్ప్రాకెట్ మార్చడానికి దారే ఉండదు.

వెల్డింగ్ చేయాల్సిన చోటు వేరే ఉంది. మోటారుకు దూరంగా, రేకు స్ప్రాకెట్‌కు బాస్ అతికించడానికి. మైల్డ్ స్టీల్ గుండ్రటి కడ్డీ నుంచి 24 మి.మీ. వ్యాసం, 12 నుంచి 15 మి.మీ. పొడవు ముక్క కోయించి, స్ప్రాకెట్‌కు చుట్టూ నాలుగు చోట్ల కొద్దికొద్దిగా అతికించి, చల్లారాక లేత్ మీద బోరు చేయించండి. బోరు చేసి తర్వాత వెల్డింగ్ పెడితే వేడికి వంకరపోతుంది, అందుకే ఈ వరస. బోరు షాఫ్టు కంటే 0.02 నుంచి 0.05 మి.మీ. ఎక్కువ ఉండాలి. కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీల పనులు, బియ్యం మిల్లుల పనులు చేసే లేత్ షాపులకు ఇది చిన్న పని. కీ గాడి కోసే స్లాటింగ్ మెషీను లేకపోయినా లేత్ మీదే టూలును ముందుకూ వెనక్కూ తోసి గాడి కోస్తారు, ఈ కొలతకు అది చాలు. షాపుకు మోటారును వెంట తీసుకెళ్లండి, నోటితో చెప్పిన కొలతకు చేసిన బోరు ఎప్పుడూ వదులుగానే వస్తుంది.

అరిగిన చదునులు

రెండు పక్కలా చదునుండే డి-కట్ షాఫ్టులో చదునుల మూలలు గుండ్రమైతే కొత్త రేకు స్ప్రాకెట్ వేసినా పదిరోజుల్లో పాతదానిలాగే ఆడుతుంది. పైన చెప్పిన బాస్ స్ప్రాకెట్ చేయించి, చదునుల మీద ఒక్కొక్కటి చొప్పున కాకుండా ఒకే చదును మీద పక్కపక్కన రెండు ఎం5 గ్రబ్ స్క్రూలు, మిగిలిన ఖాళీకి 638. మైదానానికి ఇది సరిపోతుంది. బరువులకూ ఘాటీకీ మాత్రం అడ్డ పిన్నే.

కూల్‌డ్రింకు డబ్బా రేకు కోసి షిమ్‌గా పెట్టడం దారిలో ఆగిపోయినవాళ్లకు పనికొస్తుంది. అది అల్యూమినియం, నలిగి పొడై పోతుంది. ఇంటికి చేరాక తీసేయాలి. షాఫ్టు మీద సెంటర్ పంచుతో గుంటలు కొట్టి మందం తెప్పించడం అంతకన్నా చెడ్డది. లేచిన పొక్కులు నాలుగు రోజుల్లో అణిగిపోతాయి, ఆ తర్వాత ఏ జిగురుకూ ఏ బోరుకూ ఆ షాఫ్టు సరిగ్గా దొరకదు.

బిగించాక

వదులు చేసిన కారణం అలాగే ఉంటే ఏ పద్ధతీ నిలవదు. మోటారు స్ప్రాకెట్ ముఖానికి తిన్నని స్కేలు ఆనించి, అది వెనక చక్రపు పళ్ల చక్రం దాకా ఒకే గీతలో వెళుతోందో లేదో చూడండి. 2 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే మోటారు ప్లేటు కింద వాషర్లు వేసి సరిచేయండి. చైను మధ్యలో వేలితో నొక్కితే 10 నుంచి 15 మి.మీ. ఆడాలి. వీణ తీగలా బిగించిన చైను షాఫ్టును పక్కకు లాగుతూ బేరింగునూ బోరునూ కలిపి తింటుంది. కంట్రోలరులో నెమ్మదిగా అందుకునే సెట్టింగ్ ఉంటే పెట్టించుకోండి, లేకపోతే రెండు తొక్కులు తొక్కాకే యాక్సిలరేటర్ తిప్పండి.

షాఫ్టు నుంచి స్ప్రాకెట్ మీదికి కొత్త పెయింటు గీత గీసి పెట్టుకోండి. మొదటి 20 కిలోమీటర్ల తర్వాత ఒకసారి గీత చూసి, నట్టు వదులైందేమో పరీక్షించండి. 243 వేసి గట్టిపడ్డ గ్రబ్ స్క్రూను ఊరికే మళ్లీ తిప్పకండి, పట్టు విరుగుతుంది. గీత జరిగితేనే విప్పి, తుడిచి, కొత్త చుక్క వేసి బిగించాలి. సముద్రపు ఒడ్డున నడిచే బండికి నెలకొకసారి, వానాకాలంలో పదిహేను రోజులకొకసారి స్ప్రాకెట్ మొదట్లో ఎర్రపొడి ఉందేమో గుడ్డతో తుడిచి చూస్తే చాలు.